కళ్ళు విప్పిన కాయ

(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 24:19–22

 ఈ వేళ ఇంటిలో కూర్చుండి వింటున్నవారికి, పొలము దగ్గర వింటున్నవారికి, ఆసుపత్రి మంచము మీద పండుకొని వింటున్నవారికి దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినము మీతో ఒక పండును గూర్చి మాట్లాడాలని ఆశపడుతున్నాను. పండును గూర్చి అనుకొని మొదలుపెట్టాను గాని, అది చివరకు నన్ను గూర్చిన మాట అయినది. మీరు ఓపికతో వినవలెనని మనవి.

అమెరికాలో ఉన్న మా బంధువులు ఒకరు మాకు ఒక ఫొటో పంపించారు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు కలిసి ఒక స్ట్రాబెర్రీ తోటలో వంగి పండ్లు కోస్తున్నారు. పిల్లల మూతులు ఎర్రగా ఉన్నాయి. అక్కడ తోటకు వెళ్ళి, ఎవరి పండ్లు వారే కోసుకొని, తూకము వేయించి డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకుంటారట. మా చిన్నమ్మాయి ఆ ఫొటో చూచి, "డాడీ, మనం కూడా పోదాం. మనకు ఇట్లాంటిది ఎక్కడుంది?" అని అడిగింది.

ప్రియులారా, మన పాలమూరు ఎర్రనేలల్లో, మన నల్గొండ రాళ్ళ గుట్టల్లో స్ట్రాబెర్రీ ఎక్కడ నుండి వస్తుంది? దానికి చల్లదనము కావాలి. అయితే దేవుడు మనలను వట్టి చేతులతో విడిచిపెట్టలేదు. మనకు సీతాఫలము ఇచ్చాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరు మీద సీతాఫలములో ఒక రకమే ఉన్నదని మీలో చాలామందికి తెలుసు. వ్యవసాయ పుస్తకాల్లో "బాలానగర్ రకము" అని వ్రాస్తారు. దేశములో వేరే రాష్ట్రాల రైతులు కూడా ఆ రకము నాటుకుంటారు. ఈ చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయరు, ఎరువు వేయరు. ఎండాకాలములో ఆకు రాల్చి మోడువలె నిలబడుతుంది. తొలకరి పడగానే పచ్చబడుతుంది. దాని ఆకు చేదు గనుక మేకలు కూడా ముట్టవు. అందుచేత ఏమియు బ్రతకని రాళ్ళ సందుల్లో అది బ్రతుకుతుంది. దసరాకు, దీపావళికి మన చేతికి పండు ఇస్తుంది.

ఇంకొక సంగతి. ఈ చెట్టు మన దేశపు చెట్టు కాదని, అమెరికా ఖండములోని వేడి ప్రాంతాలలో పుట్టినదని, పోర్చుగీసు వారి కాలములో ఓడల మీద మన దేశానికి చేరినదని వృక్షశాస్త్రము చదివినవారు చెబుతారు. మనము సీత పేరు పెట్టి పిలుచుకునే ఈ పండు ఒకనాడు పరదేశి! ఏ మంచి పొలమూ దానికి చోటివ్వలేదు, గుట్ట చోటిచ్చింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో మనకు పని ఉన్నది.

కాబట్టి దసరా సెలవుల్లో ఒక శనివారము నేను, నా భార్య, మా ఇద్దరు పిల్లలు కలిసి ఒక కారు మాట్లాడుకొని బాలానగర్ అవతల ఒక గుట్టకు బయలుదేరాము. టిఫిను కట్టుకున్నాము, నీళ్ళ సీసాలు పెట్టుకున్నాము, ఎందుకైనా మంచిదని రెండు గోనె సంచులు కూడా వేసుకున్నాము. ఆ "ఎందుకైనా మంచిది" అన్న మాటలోనే అపవాది కూర్చున్నాడని అప్పుడు నాకు తెలియలేదు.

గుట్ట ఎక్కిన తరువాత మా పిల్లల సంతోషము చూడాలి! సెలవు దినాల్లో ఫోను వదలని మా అబ్బాయి ఆ ఉదయము ఫోను మరచిపోయాడు. ఒక చెట్టు మీద దోరపండు ఒకటి చిలుక కొట్టినది కనబడితే, దానిని విరిచి నలుగురమూ రాతి మీద కూర్చుండి తిన్నాము. గింజలు ఎవరు ఎక్కువ దూరము ఉమ్ముతారో అని పోటీ పెట్టుకున్నాము. పాస్టరు గారు గింజలు ఉమ్మే పోటీలో గెలిచారని మీరు సంఘములో ఎవరికీ చెప్పకండి! నిజముగా అది దేవుడిచ్చిన ఉదయము.

అయితే కొంతసేపటికి ఆట పని అయింది, పని ఆశ అయింది. ఒక సంచి నిండింది. రెండవ సంచి సగము దగ్గర ఆగింది. సీతాఫలము ఎప్పుడు తెంపాలో మీకు తెలుసు. కాయ మీద గడులు గడులుగా ఉండే వాటిని మనము కళ్ళు అంటాము. ఆ కళ్ళు ఒకదానికొకటి ఎడమై, మధ్య సందులు తెల్లగానో లేత పసుపుగానో కనిపించినప్పుడు కాయ కళ్ళు విప్పింది అంటాము. అప్పుడు తెంపి తవుడులోనో గడ్డిలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. కళ్ళు విప్పని కాయను తెంపితే అది పండదు. నల్లబడి గట్టిపడుతుంది.

ఈ సంగతి నాకు తెలియక కాదు. చిన్ననాటి నుండి తెలుసు. కాని సగము ఖాళీగా ఉన్న సంచి నన్ను చూస్తున్నది, పొద్దు ఎక్కుతున్నది, కారతను కింద నుండి హారను కొడుతున్నాడు. "ఫర్వాలేదు తెంపండి, ఇంటికి పోయిన తరువాత పండుతాయిలే" అన్నాను. నా నోటితోనే అన్నాను. వరుసగా ఆరేడు చెట్లు ఖాళీ చేశాము.

దిగుతూ ఉండగా ఒక తల్లి ఎదురు వచ్చింది. యాభై ఏండ్లు ఉండవచ్చును. తల మీద చుట్టబట్ట, చేతిలో ఖాళీ గంప. ఆమె మా సంచుల వైపు చూచింది, తరువాత చెట్ల వైపు చూచింది.

"ఈ చెట్లకున్న కాయలన్ని మీరే తెంపిన్రా సారూ?" అని అడిగింది.

"అవునమ్మా. ఈ గుట్ట ఎవరిదీ కాదు గదా" అన్నాను.

"గుట్ట ఎవలిది గాదు సారూ. నేను నిన్న వచ్చి సూసి పోయిన. కండ్లు ఇంక ఇప్పలేదని, రెండు దినాలు ఆగుదామని ఇడిచిపెట్టి పోయిన."

ఆమె కోప్పడలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసింది. బొటనవేలితో రుద్ది చూచింది. "ఇవి పండయి సారూ. నల్లగయితయి. మీకూ అక్కెరకు రావు, నాకూ అక్కెరకు రాకపాయె" అన్నది.

నాకు మాట రాలేదు. ఆమె మా అమ్మాయి తల నిమిరి, "మీ నాయినది ఏం కొలువు బిడ్డా?" అని అడిగింది. మా అమ్మాయి గర్వముగా, "మా డాడీ పాస్టర్" అని చెప్పింది.

శ్రోతలారా, సెమినరీలో నేను ఎన్నో పరీక్షలు వ్రాశాను. అంత కష్టమైన పరీక్ష ఎన్నడూ వ్రాయలేదు.

"గంప నిండితే ఎంత వస్తుందమ్మా?" అని అడిగాను. "మంచిగ బేరమైతే నాలుగొందలు" అన్నది. బయటికి బేరము ఆడలేదు గాని, లోపల ఆడాను. రెండు వందలు ఇస్తే సరిపోతుందేమో అని ఒక్క క్షణము అనుకున్నాను. తరువాత ఐదు వందల నోటు తీసి ఇచ్చాను. ఆమె రొంటిన ఉన్న సంచి విప్పి, పది రూపాయల నోట్లు లెక్కపెట్టి వంద రూపాయలు నా చేతిలో తిరిగి పెట్టింది. ఆమె అడుక్కొనుటకు రాలేదు, తన పని చేసుకొనుటకు వచ్చింది. పోతూ పోతూ మా అమ్మాయికి సంచిలో నుండి కొన్ని కాయలు వేరు చేసి చూపించింది. "గివి పండుతయి బిడ్డా, కండ్లు సూడు" అని చెప్పి, మేము తెంపని చెట్ల వైపు గుట్ట మీదికి నడిచింది.

ఇంటికి వచ్చి మా పిల్లలు లెక్కపెట్టారు. డెబ్బై ఒక్క కాయలు. నా భార్య వాటిని తవుడులో పెట్టి గోనెపట్టా కప్పింది. కొందరు వ్యాపారులు తొందరపడి కార్బైడు పెట్టి పండ్లు మగ్గపెడతారు. అది ఆరోగ్యానికి చెరుపు, చట్టము కూడా దానిని నిషేధించినది. మేము ఆ పని చేయలేదు, కనిపెట్టుకొని ఉన్నాము. నాలుగవ రోజున విప్పి చూస్తే బాగుగా పండినవి పదిహేను. ఆ తల్లి వేరు చేసినవే వాటిలో ఎక్కువ. మిగిలిన యాభై ఆరు నల్లగా, రాళ్ళవలె ఉన్నాయి. నేను వాటిని గంపలో ఎత్తి పెంట మీద పారబోస్తూ ఉండగా నాకు మా అమ్మ జ్ఞాపకము వచ్చింది.

మా నాయన పాలమూరు కూలీ. మేస్త్రీల వెంట ఊరూరు తిరిగి కాలువల పనులు, ఆనకట్టల మట్టి పనులు చేసినవాడు. ఆయన పనికి పోయిన నెలల్లో మా ఇంటిని నడిపినది ఈ సీతాఫలమే. మా అమ్మ చీకటితో గుట్టకు పోయి, కళ్ళు విప్పిన కాయలు ఏరి, గంపకెత్తుకొని కాచిగూడ పోయే ప్యాసింజరు రైలు ఎక్కేది. రాత్రి ఖాళీ గంపతో వచ్చేది. ఆ గంప అడుగున మా కొరకు పావుకిలో చక్కెర పొట్లమో, ఒక బ్రెడ్డో ఉండేది. మంచి కాయ మేము ఎన్నడూ తినలేదు. పగిలినవి, చిలుక కొట్టినవి మావి. మంచివి పట్నము వారివి. నా బడి ఫీజు, నేను చదివిన మొదటి బైబిలు, అన్నీ ఆ గంపలో నుండి వచ్చినవే.

ఆ గంప నాకు తెలుసు. అయినను ఆ గంప ఎదురు వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. ఎందుకంటే ఆ రోజు నేను గంప వైపున లేను, సంచి వైపున ఉన్నాను.

ఆ వచ్చే ఆదివారము మా సంఘములో కోత పండుగ. నేను రూతు గ్రంథము రెండవ అధ్యాయము మీద ప్రసంగము సిద్ధపరచుకొని యున్నాను. పరిగె ఏరుకునే బీదలను గూర్చి మూడు ముఖ్యాంశాలు, ఒక ముగింపు, అన్నీ కాగితము మీద చక్కగా ఉన్నాయి! ఆ రాత్రి ఆ కాగితము ప్రక్కన పెట్టి, ధర్మశాస్త్రము తెరిచి మోకాళ్ళూనాను. అప్పుడు దేవుడు నాకు చూపించిన మూడు సంగతులు ఈ దినము మీతో చెప్పుచున్నాను.

మొదటిది: పరిగె బీదవాని హక్కు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో మోషే ఏమి బోధించాడు? పొలములో పన ఒకటి మరచిపోతే దానికొరకు తిరిగి వెళ్ళవద్దు. ఒలీవచెట్టు ఒకసారి దులిపిన తరువాత కొమ్మలు మళ్ళీ వెదకవద్దు. ద్రాక్షతోటలో రెండవసారి ఏరవద్దు. మిగిలినది పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి ఉండాలి. లేవీయకాండము 19వ అధ్యాయము ఇంకా ముందుకు వెళ్ళి, పొలపు ఓరలను అసలు కోయనే కూడదని చెబుతున్నది. గమనించండి, పొలము యజమానిదే, విత్తనము యజమానిదే, చెమట యజమానిదే. అయినను ఆ ఓర యజమానిది కాదు. అది దేవుడు బీదవానికి వ్రాసి ఇచ్చిన పట్టా.

మనము దీనిని తలక్రిందులు చేశాము. ధర్మశాస్త్రములో ధనవంతుడు ముందు కోసి, బీదవాడు తరువాత ఏరుకుంటాడు. నేను చేసినదేమిటి? పొలములేని ఆ తల్లికి మిగిలిన ఓర ఆ గుట్ట ఒక్కటే. ఆమెకంటే ముందుగా కారులో పోయి ఆ ఓరను కోసి వచ్చాను. "గుట్ట ఎవరిదీ కాదు" అన్నాను. భూమియు దాని సంపూర్ణతయు ఎవరివో 24వ కీర్తన చిన్నపిల్లలకు కూడా నేర్పినవాడను! ఎవరి పేరు మీదా పట్టా లేని ప్రతి స్థలము దేవుని పేరు మీద ఉన్నది. ఆయన దానిని ఎవరికి కౌలుకు ఇచ్చాడో మనము అడిగి తెలుసుకొనవలెను.

రెండవది: పాపము పండులో లేదు, సంచిలో ఉన్నది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చివర ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. పొరుగువాని ద్రాక్షతోటలోకి వెళ్ళినప్పుడు నీకు తృప్తి కలిగేంతవరకు తినవచ్చును, గాని పాత్రలో వేసుకొని తీసుకొనిపోకూడదు. దేవుడు ఎంత మంచివాడు! మన ఆకలిని ఆయన కాదనడు. పిల్లలతో చెట్టు క్రింద కూర్చుండి మూతి నిండా పండు తినడము ఆయనకు ఇష్టమే. ఆ ఉదయము మేము రాతి మీద కూర్చుండి తిన్నది తప్పు కాదు, అది ప్రభువు ఇచ్చిన విందు. తప్పు ఆ గోనె సంచితో మొదలైంది. కడుపుకు కొలత ఉన్నది, సంచికి కొలత లేదు. ఆకలి "చాలు" అంటుంది, ఆశ "ఇంకా" అంటుంది.

అంతే కాదు, ఆశకు కళ్ళు విప్పేవరకు కనిపెట్టుకొనే ఓపిక ఉండదు. ఆ తల్లి నిన్న వచ్చి, చూచి, "రెండు దినాలు ఆగుదాము" అని వట్టి గంపతో తిరిగిపోయింది. ఆ రోజు ఆమె పొయ్యి మీద ఏమి ఉన్నదో నాకు తెలియదు, అయినను ఆమె ఆగింది. కడుపు నిండిన నేను ఆగలేకపోయాను. మనలో ఎవరికి విశ్వాసము ఎక్కువ? యాభై ఆరు కాయలు నల్లబడి నాకు జవాబు చెప్పినవి. ప్రియులారా, సమయము రాకముందే మనము లాగుకొన్నవి ఎన్ని ఉన్నాయి! తొందరపడి చేసిన పెండ్లిండ్లు, అప్పు చేసి కట్టిన అంతస్తులు, పిల్లల మనస్సు విప్పకముందే వారి మీద మోపిన చదువులు. తెంపుట మన చేతిలో ఉన్నది, గాని పండించుట మన చేతిలో లేదు.

మూడవది: మరచిపోవుటయే అసలు పాపము. ఓరలు విడువవలెనని చెప్పిన దేవుడు కారణము కూడా చెప్పాడు. 24వ అధ్యాయము 22వ వచనము చూడండి. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసుకొమ్మంటాడు, అందుకే ఈ ఆజ్ఞ అంటాడు. బీదల మీద జాలిపడుమని మాత్రమే ఆయన చెప్పలేదు. నీవు ఎక్కడ నుండి వచ్చితివో మరువవద్దు అన్నాడు.

బోయజును చూడండి. రూతు మోయాబు దేశపు పరదేశి, విధవరాలు. ఆమె పొలములోకి వచ్చినప్పుడు బోయజు ఆమెను అడ్డగించలేదు. పనివారిని పిలిచి, పనల మధ్య కూడా ఆమెను ఏరుకొననియ్యుడని, కట్టలలో నుండి కొన్ని పిడికిళ్ళు కావలెనని లాగి ఆమె కొరకు విడువుడని, ఆమెను గద్దింపవద్దని ఆజ్ఞాపించాడు. ధర్మశాస్త్రము అడిగినది ఓర, అతడు ఇచ్చినది పనల నడిమి నుండి. అంత మంచి మనస్సు అతనికి ఎక్కడ నుండి వచ్చింది? మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళిలో జవాబు ఉన్నది. బోయజు తల్లి రాహాబు. యెరికో పట్టణము నుండి వచ్చిన పరదేశి స్త్రీ. ఒకనాడు తన తల్లిని ఇశ్రాయేలు చేర్చుకొన్నదని బోయజుకు తెలుసు. పొలములో వంగిన రూతును చూచినప్పుడు అతనికి తన తల్లి కనబడి ఉంటుందని నేను అనుకొంటాను.

బోయజు తన తల్లిని మరువలేదు. నేను నా తల్లిని మరచితిని. నా ఐగుప్తు బాలానగర్ గుట్ట మీదనే ఉన్నది. నేను దాని మీద నిలబడే మరచితిని.

ప్రియులారా, ఆ పొలములో ఏరుకొన్న రూతు సంతానములో దావీదు పుట్టాడు, దావీదు సంతానములో మన ప్రభువు వచ్చాడు. ఆ ప్రభువు ఎట్లు జీవించాడు? మత్తయి 12వ అధ్యాయములో ఆయన పంటచేలలో నడుస్తున్నప్పుడు శిష్యులు ఆకలిగొని వెన్నులు త్రుంచి తిన్నారు. పరిసయ్యులు విశ్రాంతి దినమును గూర్చి తప్పు పట్టారే గాని, దొంగతనమని అనలేదు. ఎందుకంటే అది ధర్మశాస్త్రము బాటసారికి ఇచ్చిన హక్కు. మన ప్రభువు సంచులు మోసేవారితో కాదు, చేనిలో త్రుంచుకొని తినేవారితో నడిచాడు. ఆయన ధనవంతుడై యుండియు మన నిమిత్తము దరిద్రుడైనాడని పౌలు కొరింథు సంఘమునకు వ్రాశాడు. మనకు పొలపు ఓర మాత్రమే విడిచి, మిగిలినది తన కొరకు ఉంచుకొన్న ప్రభువు కాడు ఆయన. సిలువ మీద తన్ను తాను పూర్తిగా ఇచ్చుకొన్నాడు. అందుచేతనే యాభై ఆరు నల్లకాయలు చేతపట్టుకొన్న నావంటివాడు కూడా ఆయన దగ్గరకు రాగలడు. "ప్రభువా, నేను తెంపినది చెట్టుకు అంటించలేను" అని ఏడ్చినవానికి ఆయన క్షమాపణ ఉన్నది. క్షమాపణతో పాటు పని కూడా ఉన్నది.

ఆ ఆదివారము కోత పండుగలో నేను వ్రాసుకొన్న ప్రసంగము చేయలేదు. మీకు ఇప్పుడు చెప్పినది సంఘమునకు చెప్పాను. బల్ల మీద గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్న గింజలు, మొక్కజొన్న కంకులతో పాటు మా పదిహేను సీతాఫలాలు కూడా పెట్టాము. ఆరాధన తరువాత వేలము వేశాము. మన కోత పండుగల్లో వేలము ఎట్లుంటుందో మీకు తెలుసు. ఒక సహోదరుడు ఒక్క సీతాఫలమును వెయ్యి రూపాయలకు పాడాడు, అందరమూ చప్పట్లు కొట్టాము. దేవుడు అతనిని దీవించును గాక. కాని నేను నన్నూ, అతనినీ, మనందరినీ ఒక ప్రశ్న అడిగాను. ఆదివారము దేవుని మందిరములో ఒక పండుకు వెయ్యి రూపాయలు ఇచ్చే మనము, సోమవారము రోడ్డు ప్రక్కన గంప పెట్టుకొని కూర్చున్న అమ్మతో పది రూపాయల కొరకు ఎందుకు బేరమాడుతున్నాము? బస్సు కదలబోతుందని తెలిసి, ఆమె కిటికీ వెంట పరుగెత్తుతుందని తెలిసి, ఎందుకు ధర తగ్గిస్తున్నాము? మనము తగ్గించిన ఆ పది రూపాయలే పొలపు ఓర. దేవుడు దానిని కోయవద్దన్నాడు.

కాబట్టి ఈ ప్రసారము వింటున్న కుటుంబాలకు నా మనవి. పిల్లలను గుట్టకు తీసుకొని వెళ్ళండి, తప్పక వెళ్ళండి. పండు దుకాణములో పుడుతుందని అనుకునే తరము మన ఇండ్లలో పెరుగుతున్నది. వారు ముల్లు గుచ్చుకొని, చెట్టెక్కి, తమ చేతితో కోసి తిననియ్యండి. అయితే సంచి ఇంటి దగ్గర విడిచి వెళ్ళండి. అక్కడే కడుపునిండా తినండి. ఇంటికి కావలసినవి ఆ గుట్ట మీద ఆధారపడి బ్రతికేవారి దగ్గర, వారు చెప్పిన ధరకు కొనండి. కొమ్మ విరవకండి. యుద్ధ సమయములో సయితము పండ్ల చెట్లను నరకవద్దని చెప్పిన దేవుడు మన దేవుడు. ఆ మాట ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో ఉన్నది. ఈనాడు మన గుట్టలు ప్లాట్ల కొరకు, కంకర కొరకు చదును అవుతున్నాయి. ఒక గుట్ట పోతే ఎన్ని గంపలు ఖాళీ అవుతాయో, కొనేవారమైన మనము అడుగవలెను.

ఆ మరుసటి సంవత్సరము మేము మళ్ళీ వెళ్ళాము. ముందుగా గుట్ట క్రింది తండాలో విచారించి ఆ తల్లిని వెదకి, ఆమెతో కలిసి ఎక్కాము. ఆమె మా పిల్లలకు చూపిస్తూ పోయింది. ఏ చెట్టు ముందు కాస్తుంది, ఏ చెట్టు వెనుక కాస్తుంది, ఏ కాయకు ఎన్ని దినాలు ఆగాలి, అన్నీ ఆమెకు తెలుసు. ఒక ప్రక్క ఉబ్బి, ఒక ప్రక్క అణగిపోయిన వంకర కాయ ఒకటి మా అబ్బాయి తెంపి, ఇది ఎందుకు ఇట్లుంది అని అడిగాడు. దాని సంగతి నేను చదివి తెలుసుకొన్నాను. సీతాఫలము ఒక్క పండు కాదు. ఒకే పువ్వులోని అనేక చిన్న గదులు కలిసి ఒక పండు అవుతాయి. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క గది. చిన్న చిన్న పురుగులు పుప్పొడి తెచ్చి ప్రతి గదికి చేర్చాలి. కొన్ని గదులకు అది చేరకపోతే ఆ ప్రక్క పెరగదు, పండంతా వంకరపోతుంది. ఇదే గదా 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో పౌలు చెప్పిన శరీరము! ఒక అవయవమునకు అందకపోతే శరీరమంతయు వంకరపోతుంది. మన సంఘములో ఏ ప్రక్క అణగి ఉన్నదో చూచుకొందము.

ఆ సంవత్సరము ఆమె దగ్గర ఒక గంప కొని తెచ్చుకొన్నాము. గడ్డిలో పెట్టాము. ప్రతి సాయంకాలము మా అమ్మాయి ఒక్కొక్కటి మెల్లగా నొక్కి చూచేది. మెత్తబడినవి మెత్తబడినట్టే ఇరుగుపొరుగు వారికి పంపించాము. మరీ మెత్తబడినవాటి గుజ్జు జల్లెడలో రుద్ది, గింజ తీసి, కాచి చల్లార్చిన పాలలో కలిపి త్రాగాము. ఆ గుజ్జును పొయ్యి మీద పెట్టకండి, చేదెక్కుతుంది. షుగరు ఉన్న పెద్దలు రుచి మాత్రము చూచి సంతోషించండి. తల్లులకు ఒక జాగ్రత్త చెబుతాను. పేలకు మంచిదని గింజలు నూరి పిల్లల తలకు పట్టిస్తారు. ఆ పొడి కంట్లో పడితే చూపుకు ప్రమాదము. ఆ పని చేయవద్దు.

డెబ్బై ఒక్క కాయల నాడు మా ఇంట్లో తృప్తి లేదు. ఒక్క గంప నాడు ఇల్లంతా వాసన, ఇరుగుపొరుగు వారితో కూడా సంతోషము.

మా అమ్మ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నది. ఆమె గంప మాత్రము మా ఇంటిలో ఉన్నది. చాలాకాలము అది అటక మీద ఉండేది. ఇప్పుడు దానిని దించి, నేను ప్రసంగము వ్రాసుకొనే బల్ల ప్రక్కన పెట్టుకొన్నాను. ప్రియ శ్రోతా, నీ ఇంటి అటక మీద ఏమి ఉన్నది? నీ తండ్రి నాగలి ఉన్నదా? నీ తల్లి కొడవలి ఉన్నదా? దేవుడు నిన్ను ఏ ఐగుప్తు నుండి తెచ్చాడు? ఈ దినము దానిని దించి చూచుకొనుము. అప్పుడు నీకు ఎదురు వచ్చే గంపను నీవు గుర్తుపడతావు.

తలలు వంచుదము, ప్రార్థన చేసికొందము.

కృపగల తండ్రీ, ఎండిన గుట్టల మీద తియ్యని పండ్లు ఇచ్చు దేవా, నీకు స్తోత్రములు. మేము నీ యొద్ద నుండి పొందినవారమని మరచి, బీదల ఓరలను కోసికొన్న పాపమును క్షమించుము. కనిపెట్టుకొనే ఓపిక మాకిమ్ము. ఈ ఉదయము ఖాళీ గంపతో గుట్ట ఎక్కుచున్న ప్రతి తల్లిని జ్ఞాపకము చేసికొనుము. ఆమె గంపను నింపుము, ఆమెను మోసపుచ్చని చేతులుగా మా చేతులను మార్చుము. కళ్ళు విప్పని మా హృదయములను విప్పుము. మాకొరకు సమస్తమును ఇచ్చిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.